బోర్డు మీద పేరు, నోట్లో నంబరు

కాలిఫోర్నియాలో న్యూమన్ చిన్న ఊరు. 2018 డిసెంబరు 26న, క్రిస్మస్ దాటిన అర్ధరాత్రి ఒంటిగంట ప్రాంతంలో ఆ ఊరి పోలీసు కార్పొరల్ రోనిల్ సింగ్ ఒక కారును ఆపాడు. నడిపేవాడు తాగి ఉన్నాడని అనుమానం. ఆ కారులోని వ్యక్తి ఆయనను కాల్చి చంపాడు. సింగ్ ఫిజీ నుంచి వలస వచ్చిన భారత సంతతివాడు. వయసు 33. ఇంట్లో అయిదు నెలల కొడుకు. భార్యాబిడ్డలతో కొద్ది గంటల ముందే తీయించుకున్న పండుగ ఫొటో ఆ మర్నాడు దేశమంతా చూసింది. ఇప్పుడు ఆ ఊరి మీదుగా వెళ్లే 33వ నంబరు రాష్ట్ర రహదారిలో కొంత భాగం ఆయన పేరు మీద ఉంది. ఆయన వయసూ దారి నంబరూ ఒకటే కావడం కాకతాళీయమే.

అమెరికాలో దూరప్రయాణం చేసేవారికి ఇలా చనిపోయినవారి పేర్లున్న బోర్డులు తరచూ కనిపిస్తాయి. ఈ ఆనవాయితీ ఎలా మొదలైందో చూడాలంటే, ఆ దేశంలో రోడ్లు తమ పేర్లు పోగొట్టుకున్న కాలానికి వెళ్లాలి.

1913లో లింకన్ హైవే వచ్చింది. ఆ రోజుల్లో దారులన్నీ పేర్లతోనే ఉండేవి. ఒక్కో దారికి ఒక్కో ప్రైవేటు సంఘం ఉండేది. అది చందాలు వసూలు చేసి, స్తంభాలకు రంగు పట్టీలు వేయించి, పటాలు అచ్చువేయించేది. సంఘాలు పెరిగాయి, ఒకే రోడ్డుకు రెండు మూడు పేర్లు పడ్డాయి, దారి వెతుక్కునేవాడికి తల తిరిగింది. 1926 నవంబరులో దేశమంతటికీ నంబర్ల పద్ధతి ఖరారైంది. దారి చూపించే పని నంబరు చేతికి వెళ్లడంతో పేరుకు చేయడానికి పనంటూ మిగల్లేదు. నా దృష్టిలో అసలు మలుపు ఇదే. పని లేని పేరును ఎవరికైనా ఇవ్వవచ్చు, ఎన్ని ముక్కలుగానైనా పంచవచ్చు. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో సైనికుల గౌరవార్థం ‘బ్లూ స్టార్’ రహదారులు వెలిశాయి. పోలీసుల వంతు ఆ తర్వాత వచ్చింది.

కాలిఫోర్నియాలో ఈ పేర్ల వెనుక ఉన్న ఘటనల్లో అందరికీ తెలిసినది న్యూహాల్. 1970 ఏప్రిల్ 5 రాత్రి, లాస్ ఏంజెలెస్‌కు ఉత్తరాన, ఒక రెస్టారెంటు పార్కింగు స్థలంలో రహదారి గస్తీ పోలీసులు ఒక కారును ఆపారు. అందులోని వ్యక్తి దారిలో ఎవరికో తుపాకీ చూపించి బెదిరించాడని ఫిర్యాదు. కారులో ఇద్దరున్నారు. అయిదు నిమిషాలైనా గడవకముందే పెన్స్, గోర్, ఫ్రాగో, ఆలిన్ అనే నలుగురు పోలీసులు నేలకొరిగారు. ఏ ఒక్కరికీ పాతికేళ్లు నిండలేదు. అటుగా పోతున్న ఒక మామూలు పౌరుడు తన కారు ఆపి, గాయపడిన పోలీసును పక్కకు లాగబోయాడు. అది కుదరక అక్కడ పడి ఉన్న తుపాకీ అందుకుని ఎదురు కాల్పులు జరిపాడు. ఆపిన కారు దగ్గరకు ఎలా నడిచి వెళ్లాలి అన్న దగ్గర్నుంచి పోలీసు శిక్షణ ఆ రాత్రి తర్వాత మారింది. శిక్షణ వెంటనే మారింది కానీ బోర్డు రావడానికి 38 ఏళ్లు పట్టింది. 2008లో ఆ దగ్గరలోని ఇంటర్‌స్టేట్ 5 అనే అంతర్రాష్ట్ర రహదారి భాగానికి నలుగురి పేర్లూ పెట్టారు.

అక్కడి పద్ధతి గమనించదగ్గది. శాసనసభ ఉభయసభలూ ఉమ్మడి తీర్మానం చేస్తాయి. దీనికి గవర్నరు సంతకం అక్కర్లేదు. మరణించిన అధికారి ఎక్కడ పుట్టాడు, ఎక్కడ చదివాడు, ఏ రోజు ఏం జరిగింది అన్నదంతా తీర్మానంలో పేరా తర్వాత పేరాగా నమోదవుతుంది. చివర్లో ఒక షరతు: బోర్డుల ఖర్చుకు సరిపడా విరాళాలు బయటినుంచి వచ్చాకే రహదారుల శాఖ వాటిని నిలబెట్టాలి. అంటే గౌరవం రాష్ట్రానిది, ఖర్చు చందాలది. 1913 నాటి సంఘాల లెక్క ఇంకో రూపంలో తిరిగొచ్చిందన్నమాట.

రోడ్డు బోర్డుల మీద కేంద్ర ప్రభుత్వపు (ఫెడరల్) నియమావళి ఇంకాస్త బిగుసుగా ఉంటుంది. స్మారక పేర్లు రోడ్డు వెంబడి కనిపించకపోవడమే మంచిదని, కావాలంటే బండి ఆపుకునే విశ్రాంతి స్థలాల్లో ఫలకం పెట్టుకోవచ్చని దాని ఉద్దేశం. అది వీలుకాకపోతే ఒక్కో దిశలో ఒక్క బోర్డు, అదీ దారి చూపే బోర్డులకు దూరంగా. డ్రైవరు చూపు చెదరకూడదన్నది కారణం. రోడ్డు మీద పోయినవారి కోసం పెట్టే బోర్డు ఇంకొకరి ప్రాణం మీదకు రాకూడదు కదా.

టెక్సాస్‌లోని హ్యారిస్ కౌంటీలో సందీప్ సింగ్ ధాలీవాల్ అనే సిక్కు 2009లో షెరిఫ్ శాఖలో, అంటే కౌంటీ పోలీసులో, చేరాడు. అంతకుముందు లారీల వ్యాపారం చేసేవాడు. తలపాగా, గడ్డంతో గస్తీకి వెళ్లే అనుమతి 2015లో గానీ రాలేదు. 2019 సెప్టెంబరు 27న ఒక కారును ఆపి, మాట్లాడి, తన వాహనం వైపు తిరిగి నడుస్తుండగా వెనక నుంచి కాల్చారు. మరుసటి ఏడాది హ్యూస్టన్ చుట్టూ తిరిగే బెల్ట్‌వే 8లో ఒక భాగానికి ఆయన పేరు పెట్టారు. న్యూహాల్, న్యూమన్, హ్యూస్టన్ మూడుచోట్లా కథ ఒక కారును ఆపడంతోనే మొదలైంది. వీళ్లు పనిచేసిన చోటే రోడ్డు. వీధికో, బడికో కాక రహదారికే పేరు పెట్టడంలో అర్థం ఉందని నాకు అనిపించేది ఇందుకే.

అయితే పేరు చుట్టూ రాజకీయమూ చేరుతుంది. రోనిల్ సింగ్‌ను చంపిన వ్యక్తి చట్టవిరుద్ధంగా దేశంలో ఉన్నవాడు. 2019 జనవరిలో సరిహద్దు గోడ కోసం చేసిన టీవీ ప్రసంగంలో అధ్యక్షుడు ట్రంప్ ఈ హత్యను ప్రస్తావించారు. చనిపోయిన పోలీసూ వలస వచ్చినవాడేనన్న సంగతి ఆ వాదంలో పెద్దగా వినపడలేదు. బోర్డు మీద ఈ గొడవేదీ ఉండదు. పేరు, హోదా, అంతే.

హ్యూస్టన్‌లోని తెలుగువాళ్లు ఇప్పటికీ ‘బెల్ట్‌వే ఎక్కాను’ అనే అంటారు. వాళ్లను తప్పుపట్టలేం. హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డుకు అధికారికంగా జవహర్‌లాల్ నెహ్రూ పేరుంది, ఎవరు వాడుతున్నారు? అదే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే అన్నది మాత్రం నోట్లో నిలిచింది, ఎందుకంటే ఆ వంతెనను పిలవడానికి జనానికి వేరే పేరు దొరకలేదు.

మన దగ్గర పోలీసు అధికారి పోతే సాధారణంగా విగ్రహం పెడతారు. 1999 సెప్టెంబరు 4న ఐపీఎస్ అధికారి ఉమేశ్ చంద్ర కారు ఎస్.ఆర్.నగర్ సిగ్నల్ దగ్గర ఆగింది. అక్కడే నక్సలైట్లు కాల్పులు జరిపారు. ఆయనతో పాటు గన్‌మ్యాన్, డ్రైవరు కూడా చనిపోయారు. అప్పట్లో ఆ దారి 9వ నంబరు జాతీయ రహదారి. తర్వాత నంబరు 65 అయింది. మీదుగా మెట్రో వచ్చింది, స్టేషను పేరు ఎస్.ఆర్.నగర్. విగ్రహం చౌరస్తాలో ఉంది.