పడే షేరు మీద పందెం: అపోహలు - వాస్తవాలు

మార్కెట్ వరసగా నాలుగు రోజులు ఎర్రబడితే చాలు, మా బ్రోకింగ్ ఆఫీసుకు ఒకే రకం ఫోన్లు. "పడేటప్పుడు కూడా సంపాదించొచ్చట కదండీ, ఎలా?" అని. విజయవాడలో డీలర్‌గా చాలా ఏళ్లుగా టర్మినల్ ముందు కూర్చుంటున్నాను. చేతిలో లేని షేరును ముందే అమ్మి, పడ్డాక చౌకగా కొని ఇవ్వడాన్నే షార్ట్ చేయడం అంటారు. అడిగేవాళ్లకు ధర ఎటు పోతుందన్న టెన్షనే గానీ, అమ్మిన షేరు చివరికి కొన్నవాడికి ఇవ్వాలి కదా అన్న సంగతి గుర్తుండదు.

అపోహ: పొద్దున అమ్మి, మూడింటికల్లా కొనేస్తే గొడవే లేదు.

వాస్తవం: కొనడానికి షేరు దొరికితేనే ఆ మాట నిజం. మా క్లయింట్ ఒకాయనకు బట్టల షాపు ఉంది. ఒక చిన్న షుగర్ కంపెనీ షేర్లు 500, 120 రూపాయల దగ్గర ఇంట్రాడేలో, అంటే ఆ రోజే తిరిగి కొనేసేలా, షార్ట్ చేశాడు. రెండు రూపాయలు తగ్గితే తిరిగి కొని కవర్ చేద్దామని ఆయన లెక్క. మధ్యాహ్నం ఏదో వార్త రావడంతో షేరు అప్పర్ సర్క్యూట్ (ఆ రోజుకు ధర పెరగగల గరిష్ఠ హద్దు) కొట్టింది, 129.80. స్క్రీన్ మీద కొంటామనే ఆర్డర్లు లక్షల్లో, అమ్మేవాళ్లు సున్నా. మేం పెట్టిన ఆర్డర్ క్యూలో చివరన అలాగే ఉండిపోయింది. మర్నాడు ఎక్స్ఛేంజి ఆక్షన్‌లో, అంటే వేలంలో, ఆయన ఖర్చుతో 150కి కొని అవతలివాళ్లకు ఇచ్చింది. వెయ్యి రూపాయల ఆశకు పదిహేను వేలు పోయాయి, పైన ఛార్జీలు.

ఆక్షన్‌లోనూ దొరక్కపోతే ఇంకా కష్టం. అమ్మిన రోజు నుంచి ఆక్షన్ రోజు దాకా పలికిన గరిష్ఠ ధర, లేదా ఆక్షన్ రోజు ముగింపు ధర మీద 20 శాతం ఎక్కువ, ఏది పెద్దదైతే ఆ లెక్కన కట్టాలి. అందుకే సర్క్యూట్ ఉన్న చిన్న షేర్లలో షార్ట్ చెప్తే, ఆర్డర్ కొట్టే ముందు నేను రెండోసారి అడుగుతాను. విసుక్కుంటారు, పర్లేదు.

అపోహ: పుట్ కొంటే పోయేది ప్రీమియమే.

వాస్తవం: పుట్ అంటే ముందే అనుకున్న ధరకు అమ్మే హక్కు, దానికి కట్టే ధరే ప్రీమియం. నిఫ్టీ సూచీ మీద పుట్‌కైతే సరే, అక్కడ డబ్బుతోనే లెక్క తేలిపోతుంది. స్టాక్ పుట్ అలా కాదు. 2019 అక్టోబర్ నుంచి పుట్‌తో సహా అన్ని స్టాక్ ఆప్షన్లకూ షేర్లే చేతులు మారాలి. 1000 స్ట్రైక్ పుట్, అంటే 1000కి అమ్మే హక్కు, కొన్నారు, ఎక్స్‌పైరీ (గడువు ముగిసే) నాడు షేరు 960 దగ్గర ముగిసింది. పండగ చేసుకుంటారు. కానీ ఆ లాట్‌లోని (ఒక్కో ఒప్పందానికి నిర్ణయించిన కట్టలోని) షేర్లన్నీ 1000 చొప్పున మీరు అప్పగించాలి. డీమ్యాట్‌లో లేకపోతే మళ్లీ ఆక్షనే. లాభంలో ఉన్న పుట్‌ను ఎక్స్‌పైరీ దాకా ఉంచుకోకుండా ముందే అమ్మేయడం మేలు.

ఇక ప్రీమియం సంగతి. భయం పెరిగినప్పుడు కొంటే ఆ భయానికి కూడా ధర కడుతున్నట్టే. 2024 జూన్ 4న, ఎన్నికల ఫలితాల రోజు, నిఫ్టీ 5.9 శాతం పడింది. ఆ మధ్యాహ్నం పుట్‌ల కోసం ఎగబడ్డారు. మర్నాడు నిఫ్టీ 3 శాతానికి పైగా లేచింది, మార్కెట్ భయాన్ని కొలిచే ఇండియా విక్స్ 27 దగ్గర నుంచి 19 కిందికి జారింది. పుట్‌లకు రెండు వైపులా దెబ్బ.

అందరూ పోగొట్టుకుంటారా? మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ లెక్కలో 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. మొత్తం 1.8 లక్షల కోట్లకు పైమాటే. ఉన్న షేర్లకు కాపలాగా పుట్ కొనేవాళ్లను నేను ఆపను, ఉత్త పందెం వేసేవాళ్లకు మాత్రం ఈ అంకె చదివి వినిపిస్తాను.

అపోహ: ఒక్క రోజుకు మించి షార్ట్ ఉంచుకునే దారి మనకు లేదు.

వాస్తవం: ఉంది. స్టాక్ ఫ్యూచర్స్ (ముందు తేదీకి ధర ఇప్పుడే ఖాయం చేసుకునే ఒప్పందాలు) ఉన్నాయి, కాకపోతే లాట్ విలువ లక్షల్లో ఉంటుంది, నష్టం ఏ రోజుది ఆ రోజే కట్టాలి. షేర్లు అరువు తెచ్చుకునే ఎస్‌ఎల్‌బీ 2008 నుంచి ఉంది. పెళ్లికి అరువు తెచ్చుకున్న హారంలాంటిదే: అద్దె కట్టాలి, గడువుకు అదే షేరు తిరిగివ్వాలి. మనకు కావాల్సిన షేరు అక్కడ దొరకడం మాత్రం అరుదు.

అపోహ: కంపెనీలను ముంచేది షార్ట్ సెల్లర్లే.

వాస్తవం: సత్యం కంప్యూటర్స్‌ను ఎవరు ముంచారు? 2009 జనవరి 7న, లెక్కల్లో మోసం చేశానని ఒప్పుకుంటూ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు రాసిన ఉత్తరం బయటపడింది. ముందు రోజు 179 దగ్గర ఉన్న షేరు ఆ సాయంత్రానికి 40 రూపాయల కిందికి వచ్చింది. ఆ రోజు నాకొచ్చిన ఫోన్లలో షార్ట్ చేస్తామన్నవాళ్లు ఒక్కరూ లేరు. "ఇంత చౌకగా మళ్లీ దొరుకుతుందా, ఒక వంద కొనండి" అన్నవాళ్లే.