కంప్యూటర్ భాషల బారసాల

కంప్యూటర్‌కు పని చెప్పడానికి పుట్టిన తొలినాటి భాషలకు పేరు పెట్టడానికి ఎవరూ పంచాంగం తిరగేసినట్టు లేదు. కంసాలిగారు, కరణంగారు అని పనిని బట్టి పిలిచినట్టే వీటినీ పిలిచారు. ఐబీఎంలో జాన్ బాకస్ బృందం 1954లో తలపెట్టిన పని, గణిత సూత్రాలను యంత్రం భాషలోకి మార్చడం. ‘ఫార్ములా ట్రాన్స్‌లేటింగ్ సిస్టం’ అన్న మాటల్లోంచి రెండు ముక్కలు తీసి అతికిస్తే ఫోర్‌ట్రాన్ అయింది. 1958లో జాన్ మెకార్తీ మొదలుపెట్టిన లిస్ప్ కూడా అంతే, ‘లిస్ట్ ప్రాసెసింగ్’కు పొట్టిపేరు.

కోబాల్ కథ కొంచెం వేరు. వ్యాపార లెక్కల కోసం అందరికీ పనికొచ్చే భాష కావాలని 1959లో అమెరికా రక్షణ శాఖ అండతో ఒక కమిటీ కూర్చుంది. పరిశీలించిన పేర్లలో ‘బిజీ’ కూడా ఉంది. అదే ఖాయమై ఉంటే మన కుర్రాళ్లు బయోడేటాలో ఏం రాసుకునేవారో! చివరికి ‘కామన్ బిజినెస్ ఓరియెంటెడ్ లాంగ్వేజ్’ను కుదించి కోబాల్ అన్నారు. పని మాత్రం నత్తనడక. విసుగెత్తిన సభ్యుడు హోవర్డ్ బ్రామ్‌బెర్గ్ ఒక సమాధిరాయి కొని, దానిమీద కోబాల్ అని చెక్కించి, రక్షణ శాఖలో దీని బాధ్యత చూస్తున్న చార్లెస్ ఫిలిప్స్‌కు పంపించాడు. ఇదేం పేరని రాళ్ల దుకాణంలో అడిగితే, పోలండ్ వాళ్ల పేరనీ, పొడుగ్గా ఉంటే కుదించామనీ చెప్పాడట. పుట్టకముందే సమాధి కట్టించుకున్న ఆ భాషనే, దాదాపు నలభై ఏళ్ల తర్వాత, 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పుతాయన్న వైటూకే భయం పుణ్యమా అని హైదరాబాద్ అమీర్‌పేటలో కుర్రాళ్లు ఫీజు కట్టి నేర్చుకున్నారు.

నాకు అన్నిటికన్నా నచ్చే పేరు స్నోబాల్. 1962లో అమెరికాలోని పరిశోధనశాల బెల్ ల్యాబ్స్‌లో ఫార్బర్, గ్రిస్‌వాల్డ్, పోలాన్‌స్కీ అక్షరాల వరుసలతో పనిచేసే భాష తయారుచేశారు. ‘స్ట్రింగ్ ఎక్స్‌ప్రెషన్ ఇంటర్‌ప్రెటర్’ అని పేరు పెట్టి కుదిస్తే ‘సెక్సీ’ అని వచ్చింది. ఆఫీసులో నలుగురి ముందూ అనగలిగే మాట కాదది. ఇంకో పేరు కోసం గదిలో కూర్చుని, రబ్బరు బ్యాండ్లు విసురుకుంటూ తలలు పట్టుకున్నారు. అంతలో ఎవరో, మనకు పేరు దొరకడం నరకంలో మంచుముద్ద నిలిచినట్టే అన్నారు. ఏమాత్రం ఆశ లేదని ఇంగ్లీషులో చెప్పే తీరది. మంచుముద్ద అంటే స్నోబాల్ కదా, పేరు దొరికేసింది! పైగా కోబాల్‌కు ప్రాస. అది దేనికి సంక్షిప్త రూపమో తర్వాత తీరిగ్గా కుట్టారు: ‘స్ట్రింగ్ ఓరియెంటెడ్ సింబాలిక్ లాంగ్వేజ్’. అందులో అక్షరాలు ఎక్కడెక్కడినుంచి ఏరుకున్నారో చూస్తే నవ్వొస్తుంది.

ఇక సీ భాషది ఇంటిపేరు అరిగిపోయిన వంశం. కేంబ్రిడ్జ్, లండన్ విశ్వవిద్యాలయాలు కలిసి రూపొందించిన సీపీఎల్ అనే భాష మరీ పెద్దదైంది. 1967లో మార్టిన్ రిచర్డ్స్ దాన్ని తేలిక చేసి, ముందు ‘బేసిక్’ చేర్చి బీసీపీఎల్ అన్నాడు. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ దాన్ని ఇంకా చిక్కబట్టి బీ అన్నాడు. 1970ల మొదట్లో డెనిస్ రిచీ బీని పెంచి సీ చేశాడు. సీ అంటే అక్షరమాలలో బీ తర్వాతి అక్షరమా, బీసీపీఎల్‌లో రెండో అక్షరమా? రిచీ కావాలనే తేల్చలేదు. దాంతో రాబోయే భాష డీ అవుతుందా, పీ అవుతుందా అని ప్రోగ్రామర్లు సరదాగా వాదించుకున్నారు. 1983లో రిక్ మాసిట్టి సూచించిన పేరుతో వచ్చింది మాత్రం సీ ప్లస్ ప్లస్. ఆ భాషలో రెండు ప్లస్‌లంటే ఉన్నదానికి ఒకటి కలపమని.