ఎరుపు మీద సముద్రం వేసే సుంకం

ఉష్ణమండల దీవుల్లో స్కూబా డైవింగ్ చేసి వచ్చిన ఒక పాఠకురాలు ఇలా అడిగారు: "ఇరవై మీటర్ల లోతు దాకా వెళ్లాను. చేపలు లెక్కలేనన్ని కనిపించాయి. కానీ పత్రికల్లో చూసే ఎర్రటి పగడాలు, ఎర్రటి చేపలు ఒక్కటీ కనబడలేదు. నా ఫోటోలన్నీ నీలంగా, పాచిపట్టినట్టుగా వచ్చాయి. పత్రికల వాళ్లు రంగులు పూస్తారా, లేక నా కెమెరా చెడిపోయిందా?"

రెండూ కాదు. ఆమె ఎర్రటి చేపల పక్కనుంచే వెళ్లి ఉంటారు. ఆ లోతులో అవి ఎర్రగా ఉండవు, అంతే.

డైవింగ్ గురించి రాసేవారు చాలామంది సిలిండరు బరువు, చెవుల నొప్పి, నీటి ఒత్తిడి దగ్గరే ఆగిపోతారు. అవన్నీ శిక్షకులు నేర్పుతారు. నీళ్లలో ఎప్పుడూ ఊపిరి బిగబట్టకూడదన్న ఒక్క నియమం గుర్తుచేసి వాటిని దాటేస్తాను. నాకు ఆసక్తి కలిగించేది ఎరుపు ఎక్కడికి పోతుందన్నదే.

నీటిలో ప్రతి మీటరునూ ఒక సుంకపు గేటు అనుకోండి. ఎండలోని రంగులన్నీ ఆ గేట్లు దాటుకుంటూ కిందికి దిగాలి. అయితే అన్నిటికీ ఒకే రేటు లేదు. 450 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న నీలం నుంచి గేటుకు ఒక శాతం కూడా వసూలు కాదు. 550 దగ్గర ఉండే ఆకుపచ్చ అయిదున్నర శాతం చెల్లిస్తుంది. 600 దగ్గరి నారింజ రంగుకు రేటు 20 శాతం, 650 దగ్గరి ఎరుపుకు 29 శాతం. 700 దగ్గరి ముదురు ఎరుపు మొదటి గేటులోనే దాదాపు సగం పోగొట్టుకుంటుంది. ఇవి శుద్ధమైన నీటికి పోప్, ఫ్రై అనే శాస్త్రవేత్తలు 1997లో ప్రకటించిన కొలతల నుంచి లెక్కగట్టినవి. సముద్రపు నీటిలో నాచు, మట్టి రేణువులు కూడా ఉంటాయి కాబట్టి అసలు వసూలు ఇంకాస్త ఎక్కువే.

ఈ సుంకం మొదటి మొత్తం మీద కాదు, ప్రతి గేటు దగ్గరా మిగిలినదాని మీద పడుతుంది. అందుకే 650 నానోమీటర్ల ఎరుపు అయిదు మీటర్ల లోతుకు 18 శాతం మిగులుతుంది. పది మీటర్లకు 3 శాతం. ఇరవై మీటర్లకు దాదాపు తొమ్మిది వందల్లో ఒక వంతు. అదే ఇరవై మీటర్ల దగ్గర నీలం 80 శాతానికి పైగా భద్రంగా ఉంటుంది. ఎర్రటి చేప ఎర్రగా కనిపించాలంటే దాని మీద ఎర్రటి కాంతి పడి తిరిగి రావాలి. పడటానికే లేనప్పుడు అది బూడిదరంగుగానో నల్లగానో కనిపిస్తుంది. లోతులో వేలు తెగితే నెత్తురు ఆకుపచ్చగా కనబడుతుందని డైవర్లు చెప్పేది కట్టుకథ కాదు. నెత్తురు కొద్దిపాటి ఆకుపచ్చ కాంతిని కూడా వెనక్కి పంపుతుంది. పైన ఎరుపు జోరులో అది తెలియదు, కింద మిగిలేది అదొక్కటే.

మరో సంగతి చాలామంది మరిచిపోతారు. గేట్లు నిలువుగానే కాదు, అడ్డంగానూ ఉంటాయి. పది మీటర్ల లోతులో, మీకు మూడు మీటర్ల దూరంలో ఉన్న పగడం నుంచి వచ్చే కాంతి పదమూడు గేట్లు దాటి మీ కంటికి చేరుతుంది. ఎండ ఏటవాలుగా పడితే ఇంకా ఎక్కువ.

ఇంతకీ నీటికి ఎరుపు మీద ఈ పగ ఎందుకు? ఇక్కడ కొంచెం ఓపిక పట్టాలి. నీటి అణువులో ఆక్సిజన్, హైడ్రోజన్ మధ్య బంధం ఎప్పుడూ సాగుతూ ముడుచుకుంటూ ఉంటుంది. ఆ కంపనానికి సరిపోయే కాంతి తరంగదైర్ఘ్యం దాదాపు 2900 నానోమీటర్లు, అంటే కంటికి కనబడని పరారుణ కాంతి. తీగవాద్యంలో మూలస్వరంతో పాటు సన్నగా అతిస్వరాలు పలికినట్టే ఈ బంధానికీ అతిస్వరాలున్నాయి. శక్తిలో ఒకేసారి నాలుగు మెట్లు ఎక్కే కంపనం 740 నానోమీటర్ల దగ్గర, అయిదు మెట్లు ఎక్కేది 605 దగ్గర కాంతిని మింగుతాయి. లెక్కప్రకారం 2900ను నాలుగుతోనూ అయిదుతోనూ భాగిస్తే వచ్చే అంకెలు ఇవి కావు, ఎందుకంటే బంధం సాగేకొద్దీ బలహీనపడి మెట్ల ఎత్తు తగ్గుతుంది. అతిస్వరాలు చాలా బలహీనం కాబట్టి గ్లాసుడు నీళ్లలో వాటి ప్రభావం తెలియదు. మీటర్ల కొద్దీ నీరుంటే తెలుస్తుంది. హైడ్రోజన్ బదులు దానికి రెట్టింపు బరువుండే డ్యుటీరియం ఉన్న భారజలంలో కంపనం నెమ్మదిస్తుంది. అది మింగే తరంగదైర్ఘ్యాలు 1000 నానోమీటర్ల వైపు, కంటికి కనబడని చోటికి జరిగిపోతాయి. అందుకే భారజలానికి నీలిఛాయ లేదు. సాధారణంగా వస్తువుల రంగు ఎలక్ట్రాన్ల గెంతుల వల్ల వస్తుంది. అణువుల ఊగిసలాట వల్ల రంగు పొందిన నీరు అరుదైన పదార్థం.

సముద్రం నీలంగా ఉండటానికి ఆకాశం ప్రతిబింబించడమే కారణమని పిల్లలకు ఇంకా చెబుతూనే ఉన్నారు. రేలీ వంటి మహా శాస్త్రవేత్త నమ్మిన మాట అది. 1921లో ఓడలో ఇంగ్లండు నుంచి తిరిగి వస్తూ సి.వి.రామన్ మధ్యధరా సముద్రాన్ని ఒక నికల్ పట్టకంలోంచి చూశారు. ఉపరితలం నుంచి ప్రతిఫలించే ఆకాశపు కాంతిని ఆ పట్టకం అడ్డుకుంది. నీలం తగ్గలేదు సరికదా, ఇంకా చిక్కబడింది. నీటి అణువులే కాంతిని చెదరగొడుతున్నాయని ఆయన వాదించారు. ఆ ఆలోచనే 1928 నాటి రామన్ ఫలితానికి దారితీసింది. అణువులు చెదరగొట్టడం సగం కథ, ఎరుపును మింగేయడం మిగతా సగం. వందేళ్ల తరువాత కూడా ఆకాశం పాఠమే చెప్పే ఉపాధ్యాయులను ఇరవై మీటర్ల లోతుకు తీసుకువెళ్లాలని నాకు కోరిక. అక్కడ ఆకాశం ఉండదు, నీలం మాత్రం ఉంటుంది.

ఇక చేపల సంగతి. సోల్జర్ ఫిష్ పైకి తీసి చూస్తే కుంకుమలా ఎర్రగా ఉంటుంది. పగలు రాతి అరుగుల కింద, గుహల్లో గుంపుగా దాక్కుని రాత్రి వేటకు వచ్చే చేప ఇది. ఇంత కొట్టొచ్చే రంగు దాక్కునే జీవికి ఎందుకు అని విడ్డూరంగా అనిపిస్తుంది. ఎరుపు చేరని చోట ఎర్ర చొక్కా, నల్ల చొక్కా ఒకటే. మన ఫ్లాష్ కాంతిలో అది ఎర్రది, దాని సొంత లోకంలో అది నీడ.

నీలం, పసుపు చారల ఏంజెల్ ఫిష్ వంటి వాటి లెక్క వేరు. ఈ రెండు రంగులకూ సుంకం తక్కువ కాబట్టి దూరం ప్రయాణిస్తాయి. పగడపు చేపల రంగులు "ఇది నా ఇలాకా" అని చాటే ప్రకటన పలకల వంటివని జంతువుల ప్రవర్తనను అధ్యయనం చేసిన కోన్రాడ్ లోరెంజ్ 1962లో ప్రతిపాదించాడు. తరువాత చేపల చూపును పరిశోధించిన జస్టిన్ మార్షల్ దానికి మెలిక పెట్టాడు: దగ్గర్లో మెరిసిపోయే ఆ చారలే కొన్ని మీటర్ల అవతల, మనకన్నా మసకగా చూసే చేప కంటికి, ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి వెనక ఉన్న నీటిలో కరిగిపోతాయి. ఒకే చొక్కా దగ్గరివాళ్లకు ప్రకటన, దూరపువాళ్లకు మారువేషం. నాకు లోరెంజ్ కన్నా మార్షల్ మాటే నచ్చుతుంది.

ఎరుపుకు మహిమలు అంటగట్టడం మనుషుల పాత అలవాటు. పురాతన రోమన్లు కీడు సోకకుండా పసిబిడ్డల మెడలో ఎర్ర పగడం కట్టేవారు. నగల్లోని ఆ పగడం మధ్యధరా సముద్రపు చీకటి గుహల్లో, లోతైన రాళ్ల మీద పెరుగుతుంది. అది పెరిగే చోట దాని ఎరుపు ఎవరికీ కనబడదు. కీడుకు ఎలా కనబడుతుందో మరి!

ఇప్పుడు ఫోటోల సంగతి. కింద ఉన్నప్పుడు మన మెదడు నీలిమకు సర్దుకుని రంగులు ఉన్నట్టే భ్రమింపజేస్తుంది. కెమెరాకు ఆ మొహమాటం లేదు. కంప్యూటర్‌లో ఎరుపు పెంచుదామంటే, అసలే చేరని కాంతిని పెంచలేం. పెరిగేది మచ్చలే. 2019లో డెర్యా అక్కాయ్నాక్, తాలీ ట్రైబిట్జ్ రూపొందించిన సీ-త్రూ అనే పద్ధతి ఫోటోలోని ప్రతి బిందువు ఎంత దూరంలో ఉందో లెక్కగట్టి, అక్కడికి ఎంత సుంకం పడిందో అంత తిరిగి కలుపుతుంది. అంత హంగు లేనివారికి టార్చి చాలు. అరమీటరు దూరంలోని పగడం మీద వేస్తే వెలుగు పోనూ రానూ కలిపి ఒక్క గేటే దాటుతుంది. ఎరుపు 71 శాతం మిగులుతుంది. మూడు మీటర్ల దూరం నుంచి వేస్తే ఆరు గేట్లు, మిగిలేది 13 శాతం. పత్రికల ఫోటోగ్రాఫర్ల రహస్యం ఇంతే: బలమైన ఫ్లాష్, అతి దగ్గర. రంగులు చూడాలనుకుంటే లోతు కోసం పోటీ పడకండి. అయిదు మీటర్ల దగ్గర గంటసేపు తిరగడం ముప్ఫై మీటర్ల దగ్గర కొద్ది నిమిషాల కన్నా మేలని నా అభిప్రాయం.

అయితే సుంకం ఎగ్గొట్టే దొంగలూ ఉన్నారు. జీవశాస్త్రవేత్త నీకో మిఖియెల్స్ బృందం 2008లో 32 జాతుల పగడపు దిబ్బల చేపలు లోతులో ఎర్రగా వెలుగుతాయని ప్రకటించింది. కిటుకు ప్రతిదీప్తి. తక్కువ సుంకంతో దిగివచ్చిన నీలి, ఆకుపచ్చ కాంతిని చర్మంలో పీల్చుకుని, అక్కడికక్కడే ఎరుపుగా మార్చి వదులుతాయి. పై నుంచి ఎరుపును మోసుకురానక్కరలేదు. చేప నుంచి చూసే కంటి దాకా ఉన్న ఒకటి రెండు గేట్లే దాటాలి. ఆ ఎరుపు దగ్గరివారికే అందే గుసగుస.

దాన్ని చేపలు నిజంగా వాడుకుంటున్నాయా అన్నది పెద్ద తగవు. చాలా పగడపు చేపలకు 600 నానోమీటర్లు దాటిన కాంతి సరిగా కనబడదని అభ్యంతరం. 2014లో ఫెయిరీ రాస్ అనే చేప మగవాటికి అద్దం చూపించారు. తమ ముదురు ఎర్రటి మెరుపు అద్దంలో కనబడినప్పుడు ఎక్కువగా కయ్యానికి దిగాయి, ఆ ఎరుపును ఫిల్టరుతో అడ్డుకుంటే తగ్గాయి. ఒక్క జాతికి రుజువైనంత మాత్రాన మిగతావాటికీ వర్తిస్తుందని చెప్పలేం.

ఆ వెలుగును మీరూ చూడవచ్చు. తగిన శిక్షణ ఉంటే, పట్టపగలు ఇరవై మీటర్ల కింద, మాస్కు ముందు ఎర్రటి ఫిల్టరు పెట్టుకుని రాళ్ల సందుల్లోకి చూడండి. ఎండలోని ఎరుపు అక్కడికి రాదు కాబట్టి దిబ్బ అంతా దాదాపు చీకటిగా ఉంటుంది. అందులో ఎర్రగా వెలిగే పగడం గానీ, వేలెడంత గోబీ చేప గానీ కనబడిందంటే ఆ వెలుగు అది అక్కడ తయారుచేసుకున్నదే.