ఇంజను బలం పెరిగింది, గేర్‌బాక్సు సంగతేమిటి?

అమెరికాలో 1989 మోడల్ డాడ్జ్ పికప్ ట్రక్కులోకి కమిన్స్ డీజిల్ ఇంజను వచ్చింది. ఆరు సిలిండర్లు, 5.9 లీటర్లు, 160 హార్స్‌పవర్. ఈ చివరి అంకె చూసి ఇంతేనా అనుకునేవాళ్లు టార్కు, అంటే తిప్పే బలం, ఎంతో కూడా చూడాలి. నిమిషానికి 1,700 చుట్ల దరిదాపుల్లోనే అది దాదాపు 540 న్యూటన్ మీటర్లు ఇచ్చేది. కార్ల కోసం పుట్టిన ఇంజను కాదది. పొలం యంత్రాలకు, నిర్మాణ యంత్రాలకు, మధ్యరకం లారీలకు పనికొచ్చేలా తయారైంది. దాని వెనక బిగించిన ఆటోమేటిక్ గేర్‌బాక్సు మాత్రం పెట్రోలు కార్ల వంశానిది. క్రైస్లర్ 1962లో తెచ్చిన టార్క్‌ఫ్లైట్ 727 దాని మూలం. తర్వాత తోకభాగంలో ఓవర్‌డ్రైవ్ (ఇంజను కంటే బయటి షాఫ్టును వేగంగా తిప్పే గేరు) చేర్చి నాలుగు గేర్లు చేశారు. 1994లో 47ఆర్‌హెచ్, 1996లో 47ఆర్‌ఈ, 2003లో 48ఆర్‌ఈ అంటూ పేర్లు మారాయి. లోపలి అమరిక మాత్రం పాతదే. 2004 నడిమికల్లా అదే ఇంజను 325 హార్స్‌పవర్‌కు, 810 న్యూటన్ మీటర్లకు పైబడిన టార్కుకు చేరింది.

అది కంపెనీ ఇచ్చిన బలం. కొన్నవాళ్లు అక్కడితో ఆగలేదు. 1994 నుంచి 1998 మొదటి వరకు వచ్చిన ఇంజన్లలో బాష్ పి7100 ఇంధన పంపు ఉండేది. అందులో ఒక చిన్న ఉక్కు పలకను కాస్త ముందుకు జరిపితే చాలు, సిలిండర్లలోకి వెళ్లే డీజిల్ గణనీయంగా పెరుగుతుంది. దాన్ని మండించడానికి తగినంత గాలి టర్బో ఇవ్వగలిగితే టార్కు కూడా పెరుగుతుంది. ఒక పూట పని, ఖర్చు స్వల్పం. ఆ పెరిగిన టార్కును చక్రాలదాకా చేరవేయాల్సిన గేర్‌బాక్సులో మాత్రం ఏమీ మారదు. కొన్నాళ్లకు పెద్ద ట్రెయిలరు లాగుతూ ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను చుట్లు పెరుగుతాయి, బండి వేగం పెరగదు. గేర్‌బాక్సు మరమ్మతు కథలన్నీ ఇంచుమించు ఇక్కడే మొదలవుతాయి.

అప్పుడు లోపల ఏం జరిగి ఉంటుంది? పళ్లు విరిగాయేమోనని చాలామంది అనుకుంటారు. ఈ రకం గేర్‌బాక్సులో గ్రహచక్రాల (నడిమి గేరు చుట్టూ తిరిగే చిన్న గేర్ల) పళ్లు అంత తేలిగ్గా విరగవు. ముందుగా ఓడిపోయేవి ఒరిపిడి తలాలు, అంటే క్లచ్ ప్లేట్లు, బ్యాండ్లు, ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్య ఆయిలుతో లంకె వేసే టార్క్ కన్వర్టర్ లోపల ఆ రెంటినీ నేరుగా కలిపి బిగించే లాకప్ క్లచ్. క్లచ్ మోయగల టార్కు నాలుగింటి గుణకారం: ప్లేట్లను నొక్కే బలం, ఒరిపిడి గుణకం, సగటు వ్యాసార్ధం, ఒరిపిడి ముఖాల సంఖ్య. 28,000 న్యూటన్ల బలంతో నొక్కే ఒక క్లచ్‌ను ఉదాహరణకు తీసుకుందాం. ఒరిపిడి గుణకం 0.11, సగటు వ్యాసార్ధం 12 సెంటీమీటర్లు, ముఖం ఒకటే. అది మోసేది సుమారు 370 న్యూటన్ మీటర్లు. ముఖాలు మూడైతే 1,100 దాటుతుంది. నొక్కే బలం పెంచకుండా, గుల్ల వెడల్పు మార్చకుండా సామర్థ్యం మూడింతలైందన్నమాట. బలమైన ట్రక్కులకు మూడు డిస్కుల కన్వర్టర్ అమ్ముతున్నారంటే దాని వెనక ఉన్న లెక్క ఇదే.

సామర్థ్యానికి మించిన టార్కు వచ్చినా క్లచ్ ఒక్కసారిగా విరిగిపోదు, జారుతుంది. జారుడంటే వేడి. 600 న్యూటన్ మీటర్లు మోస్తూ నిమిషానికి 200 చుట్ల తేడాతో జారుతున్న క్లచ్ దగ్గర పన్నెండున్నర కిలోవాట్ల వేడి పుడుతుంది. ఇంట్లో నీళ్లు కాచే రెండు కిలోవాట్ల గీజర్లు ఆరు కలిపి అరచేతి మందం లేని చోట పెట్టినట్టు. ఆ వేడికి ప్లేటు మీది కాగితం లాంటి పూత మాడి, నున్నగా గాజుతలంలా తయారవుతుంది. నున్నబడితే ఒరిపిడి తగ్గుతుంది, ఒరిపిడి తగ్గితే మరింత జారుతుంది. ఒకసారి ఈ చక్రంలో పడిన క్లచ్ తిరిగి కోలుకోవడం ఉండదు.

ఇక టార్క్ కన్వర్టర్. హెర్మన్ ఫెటింగర్ అనే జర్మన్ ఇంజనీరు 1905లో దీనికి పేటెంటు పొందాడు. ఓడల్లో వేగంగా తిరిగే ఆవిరి టర్బైనుకూ నెమ్మదిగా తిరగాల్సిన ప్రొపెల్లరుకూ మధ్య లంకె వేయడం అతని అవసరం. ఇంజనుతో పాటు తిరిగే పంపు చక్రం ఆయిలును విసురుతుంది, ఎదురుగా ఉన్న టర్బైను దాన్ని అందుకుంటుంది, మధ్యలోని స్టేటరు తిరిగొచ్చే ఆయిలు దారి మళ్లిస్తుంది. బండి కదలబోయే క్షణంలో ఈ ఏర్పాటు ఇంజను టార్కును దాదాపు రెట్టింపు చేస్తుంది.

ఇక్కడ ఎంపికను తేల్చే అంకె స్టాల్ వేగం. బ్రేకు గట్టిగా తొక్కి పట్టి యాక్సిలరేటర్ నొక్కితే ఇంజను చుట్లు ఎంతదాకా పెరిగి అక్కడ ఆగుతాయో అదే స్టాల్ వేగం. కన్వర్టర్ పీల్చుకునే టార్కు వేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, ఇంజను టార్కును ఒకటిన్నర రెట్లు చేస్తే స్టాల్ వేగం సుమారు 22 శాతం పెరుగుతుంది. 1,900 దగ్గర ఆగే ఇంజను ఇప్పుడు 2,300 దాకా ఎగబాకుతుంది. పెట్రోలు రేసు కారుకు అది వరం, ఎందుకంటే దాని బలమంతా పై చుట్లలోనే ఉంటుంది. తొలి కమిన్స్ 160 హార్స్‌పవర్ ఇచ్చింది 2,500 చుట్ల దగ్గర. అలాంటి ఇంజనుకు 2,300 దాకా ఆయిలును చిలుకుతూ కూర్చోవడం శుద్ధ దండగ. అందుకే డీజిలుకు బిగువైన, అంటే తక్కువ స్టాల్ వేగం ఉన్న కన్వర్టర్ వెతుకుతారు. బిగువు మరీ ఎక్కువైనా చిక్కే. పెద్ద టర్బో తిరగడానికి చాలినన్ని చుట్లు ఇంజనుకు అందవు, బండి నల్లపొగ వదులుతూ నిలబడుతుంది. ఏ టర్బో ఉంది, బండి బరువులు లాగుతుందా, పందేలకు వెళ్తుందా అని అడగకుండా కన్వర్టర్ అమ్మే దుకాణాన్ని నేనైతే నమ్మను.

కంపెనీ కన్వర్టర్ ముందు మూత అచ్చులో నొక్కిన ఉక్కు రేకు. లోపలి ఒత్తిడి పెంచితే అది ఉబ్బుతుంది. మూత వంగిన చోట లాకప్ క్లచ్ ముఖం అంతటా ఆనదు, ఆనిన అంచు మేరకే మాడుతుంది. మంచి కన్వర్టర్లలో ఈ మూతను మందపాటి ఉక్కు దిమ్మెనుంచి తొలిచి చేస్తారు. ధర అక్కడే పెరుగుతుంది, పెరగాల్సింది కూడా అక్కడే.

నొక్కే బలం వచ్చేది ఆయిలు ఒత్తిడి నుంచి. దాన్ని పంచేది వాల్వ్ బాడీ. పైకి చూస్తే పురుగులు తొలిచినట్టు మెలికల కాలువలున్న అల్యూమినియం దిమ్మె. అందులో స్ప్రింగులూ, జారే వాల్వులూ, చిన్న ఉక్కు గోళీలూ ఉంటాయి. గేరు మారడం ప్రయాణికుడికి తెలియకూడదని కంపెనీ ఒత్తిడిని మెల్లగా ఎక్కనిస్తుంది. ఆ మెత్తదనానికి మూల్యం క్లచ్ చెల్లిస్తుంది, ఎందుకంటే ఒత్తిడి ఎక్కేంతసేపూ అది జారుతూనే ఉంటుంది. షిఫ్ట్ కిట్ స్ప్రింగులను మార్చి, రంధ్రాలను పెంచి ఆ సమయాన్ని కుదిస్తుంది. గేరు మారినప్పుడు ఒక తాపు తగులుతుంది. జనం దాన్ని లోపమనుకుంటారు కానీ, క్లచ్ ఆయుష్షు దృష్ట్యా ఆ తాపే మేలు. అయితే ఒత్తిడిని ఇష్టమొచ్చినంత పెంచేయకూడదు. పంపు మీద భారం పెరుగుతుంది, సీళ్లు కారతాయి, ప్రతి గేరు మార్పూ షాఫ్టుల మీద సుత్తిదెబ్బ అవుతుంది.

ఈ కుటుంబపు గేర్‌బాక్సుల్లో ఇంకో చిన్న సంగతుంది. యాక్సిలరేటర్ ఎంత నొక్కారో గేర్‌బాక్సుకు తెలిపేది, 48ఆర్‌ఈ చివరి రోజుల్లో తప్ప, ఒక సాధారణ ఉక్కు కేబులు. అది వదులుగా ఉంటే ఇంజను పూర్తి బలంతో లాగుతున్నా లోపల ఒత్తిడి తక్కువే ఉంటుంది. వేలకు వేల డాలర్ల భాగాలు వేసి ఈ కేబులును సరిచూడకపోతే కొత్త క్లచ్‌లు కూడా పాతవాటి దారే పడతాయి.

రెండో గేరులో పనిచేసేది ముందు బ్యాండు. డ్రమ్ము చుట్టూ బిగుసుకుని దాన్ని ఆపే ఉక్కు పట్టీ అది. పిస్టన్ తోపును లివరు పెంచితే, ఆ బలం స్ట్రట్ అనే బొటనవేలంత ముక్క ద్వారా బ్యాండుకు చేరుతుంది. ఒత్తిడి పెంచిన గేర్‌బాక్సులో తరచూ విరిగేది ఇదే. విరిగితే రెండో గేరు లేనట్టే. దీని ధర మొత్తం ఖర్చులో లెక్కలోకే రాదు కాబట్టి గట్టి స్ట్రట్ వేయించుకోవడానికి ఆలోచించాల్సిన పని లేదు.

క్లచ్‌లలో అదనపు ప్లేట్లు చొప్పించడం ఆకర్షణీయమైన మార్గం, కానీ డ్రమ్ములో చోటు పెరగదు. ఒరిపిడి ప్లేట్లు ఎక్కువ పట్టాలంటే మధ్యలోని ఉక్కు ప్లేట్లను పలచన చేయాలి. వేడిని పీల్చి దాచుకునేవి ఆ ఉక్కు ప్లేట్లే. టార్కు పట్టు పెరుగుతుంది, వేడి ఓర్పు తగ్గుతుంది. రోజూ బరువులు లాగే బండికి నా ఓటు మందపాటి ఉక్కుకే.

ఇన్‌పుట్ షాఫ్టు దగ్గర అందరూ మొదట ఆగుతారు, ఎందుకంటే మెరిసే ఆ కడ్డీ ఫొటోలో చాలా అందంగా ఉంటుంది. మెలితిప్పినప్పుడు షాఫ్టులో పుట్టే ఒత్తిడి వ్యాసపు ఘనానికి విలోమంగా ఉంటుంది. చుట్టూ ఉన్న భాగాలన్నీ పాత కొలతలకే చేసినవి కాబట్టి వ్యాసం పెంచే వీలు లేదు, లోహాన్ని మార్చడం ఒక్కటే దారి. విమానాల చక్రాల కాళ్లకు వాడే 300ఎం ఉక్కు ఇక్కడికి అలా వచ్చింది. అయితే షాఫ్టు విరిగే క్షణాలు వేరు. ఆగి ఉన్న బండిని పూర్తి టర్బో ఒత్తిడితో ఉరికించినప్పుడు కన్వర్టర్ రెట్టించిన టార్కు షాఫ్టు మీద పడుతుంది. లాకప్ బిగించి ఉంచి గేరు మార్చినప్పుడు ఆ దెబ్బను మెత్తపరిచే ఆయిలు మధ్యలో ఉండదు. ట్రాక్టర్ పోటీల్లో బరువు బల్లలు లాగేవారికి ఈ గట్టి షాఫ్టు తప్పనిసరి. గుర్రాల ట్రెయిలరు లాగేవారు ఆ డబ్బు కన్వర్టర్ మీద, వాల్వ్ బాడీ మీద, ఆయిలు కూలర్ మీద పెట్టడం మేలు. ఆయిలు వేడి పది డిగ్రీలు పెరిగితే అది చెడిపోయే వేగం సుమారు రెట్టింపవుతుందని ఒక మోటు లెక్క ఉంది. ఆ లెక్కన కూలర్ చేసే మేలు ఏ మెరిసే కడ్డీ చేయదు.

భాగాలు వచ్చాక బిగించే బల్ల మీద శుభ్రతదే పెద్దపీట. గుడ్డ నుంచి ఊడిన ఒక్క నూలుపోగు వాల్వును ఇరికించగలదు, అందుకే నూలు రాలే గుడ్డలను దగ్గరికి రానివ్వరు. కొత్త ఒరిపిడి ప్లేట్లను బిగించే ముందు గేర్‌బాక్సు ఆయిల్లో బాగా నాననివ్వాలి. ఈ గేర్‌బాక్సులకు క్రైస్లర్ చెప్పేది ఏటీఎఫ్ ప్లస్ 4. ఉక్కు గోళీలు, వాషర్లు జారిపోకుండా పెట్రోలియం జెల్లీతో అంటిస్తారు, అది తర్వాత ఆయిల్లో కరిగిపోతుంది. గ్రీజు వాడితే కరగక చిన్న రంధ్రాలను మూసేస్తుంది. ముందు బ్యాండు స్క్రూను 8 న్యూటన్ మీటర్ల దాకా బిగించి, 47ఆర్‌ఈలో రెండు చుట్లకు కాస్త తక్కువగా వెనక్కి తిప్పాలి. ఓవర్‌డ్రైవ్ భాగంలో మూడు వందల కిలోలకు పైగా బలంతో అణచి ఉంచిన స్ప్రింగు ఉంది. సరైన ప్రెస్సు లేకుండా దాని జోలికి వెళ్లడం ప్రాణాంతకం.

వాల్వ్ బాడీ పెట్టే ముందు మంచి మెకానిక్ చేసే పరీక్ష ఒకటుంది. ఒక్కో క్లచ్ కాలువ రంధ్రంలోకి కంప్రెసర్ గాలి కొద్దిగా వదులుతాడు. లోపల పిస్టన్ కదిలి ప్లేట్లను తాకిన ‘ఠప్’ చప్పుడు గట్టిగా వినిపిస్తే సీలు బాగున్నట్టు. బుసబుసమని గాలి పోతే సీలు పెదవి మడతపడినట్టు. పదినిమిషాల ఈ పరీక్ష గేర్‌బాక్సును మళ్లీ దించే పనిని తప్పిస్తుంది.

కన్వర్టర్ ఎక్కించేటప్పుడు తొందరపడకూడదు. తిప్పుతూ లోపలికి తోస్తే అది స్టేటరు పళ్లలో, టర్బైను షాఫ్టు పళ్లలో, చివరికి పంపు గేరులో మెట్టుమెట్టుగా దిగుతుంది. ఆ చివరి మెట్టు దిగకముందే గేర్‌బాక్సును ఇంజనుకు బిగిస్తే బోల్టుల బలానికి పంపు పగులుతుంది. బోల్టులు బిగించకముందు గేర్‌బాక్సు గుల్ల ఇంజనుకు చేత్తోనే పూర్తిగా ఆనాలి, కన్వర్టర్ ఇంకా వేళ్లతో తిరగాలి. పాత కూలర్ గొట్టాలను కడగకుండా వదిలేస్తే, మునుపు మాడిన క్లచ్ పొడి మొదటి నిమిషంలోనే కొత్త భాగాల్లోకి వస్తుంది.

ఆయిలు మట్టం చూసేది న్యూట్రల్‌లో. కంపెనీ అమరికలో పార్కులో ఉన్నప్పుడు కన్వర్టర్‌కు ఆయిలు వెళ్లదు, అందువల్ల అక్కడ కనిపించే మట్టం నిజం కాదు. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక అడుగు పళ్లెం విప్పి చూడాలి. అయస్కాంతం మీద బూడిదరంగు సన్నని పేస్టు ఉంటే అది కొత్త ప్లేట్లు సర్దుకున్న గుర్తు. నల్లని రేకులు కనిపిస్తే ఏదో ఒక క్లచ్ జారుతోంది, ఒత్తిడి గేజి పెట్టి చూడాలి. అయస్కాంతానికి అంటని పసుపురంగు తునకలైతే బుషింగో వాషరో అరుగుతున్నట్టు. అప్పుడు బండిని ఇంకో కిలోమీటరు కూడా నడపకుండా గేర్‌బాక్సు దించాల్సిందే.