రోహ్నా మునక: ఇంజన్ గది నుంచి రహస్య పత్రాల దాకా

1941 డిసెంబరు 7న పెరల్ హార్బర్‌లో అరిజోనా యుద్ధనౌకతో పాటు 1,177 మంది చనిపోయిన సంగతి చరిత్ర చదివిన ప్రతివారికీ తెలుసు. ఆ తర్వాత రెండేళ్లకు మధ్యధరా సముద్రంలో రోహ్నా అనే సైనిక రవాణా నౌక మునిగి 1,015 మంది అమెరికా సైనికులు ప్రాణాలు కోల్పోతే, ఎక్కడ, ఎలా పోయారన్నది వారి సొంత కుటుంబాలకే దశాబ్దాల పాటు తెలియలేదు. శత్రువు దాడిలో నడిసముద్రం మీద అమెరికా తన సైనికులను ఒకేసారి ఇంతమందిని కోల్పోయిన ఘటన మరొకటి లేదని చెబుతారు. నౌక బ్రిటిష్ కంపెనీది. కళాసీలు భారతీయులు. సైనికులు బయలుదేరింది భారతదేశానికే.

రోహ్నా యుద్ధం కోసం కట్టిన నౌక కాదు. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ కోసం 1926లో ఇంగ్లండులోని టైన్ నది ఒడ్డున తయారైన 8,602 టన్నుల ప్రయాణికుల నౌక అది. దాని జంట నౌక రజులాతో కలిసి మద్రాసు, నాగపట్నం, పెనాంగ్, సింగపూర్ రేవుల మధ్య తిరిగేది. మలయా రబ్బరు తోటల కూలీలు, చిన్న వ్యాపారులు డెక్కు టికెట్టుతో ప్రయాణించిన దారి ఇదే. వారిలో తమిళులు ఎక్కువే అయినా తెలుగువారూ తక్కువేమీ కాదు. యుద్ధం వచ్చాక ప్రభుత్వం ఇలాంటి నౌకలను స్వాధీనం చేసుకుని, చుట్టూ ఫిరంగులు అమర్చి సైన్యాన్ని తరలించడానికి వాడుకుంది. సైనికులు ఎక్కే నాటికి రోహ్నా వయసు 17 ఏళ్లు.

1943 నవంబరు 25న, అమెరికన్లు థాంక్స్‌గివింగ్ పండుగ జరుపుకునే రోజున, సుమారు 2,000 మంది అమెరికా సైనికులతో రోహ్నా అల్జీరియాలోని ఒరాన్ తీరం విడిచి, బ్రిటన్ నుంచి వస్తున్న కెఎంఎఫ్-26 అనే నౌకల బృందంలో చేరింది. సూయెజ్ కాలువ దాటి భారతదేశం చేరుకుని, చైనా-బర్మా-ఇండియా యుద్ధరంగంలో పనిచేయడానికి బయలుదేరిన దళాలవి. వాటిలో విమానాశ్రయాలు నిర్మించే ఇంజనీర్ల పటాలం ఒకటి ఉంది. మర్నాటి నష్టంలో పెద్ద భాగం ఆ పటాలానిదే.

26వ తేదీ సాయంత్రం అల్జీరియా తీరానికి ఎదురుగా జర్మన్ బాంబర్లు బృందం మీద విరుచుకుపడ్డాయి. వాటిలో కొన్ని మోసుకొచ్చింది హెన్షెల్ హెచ్ఎస్-293 అనే కొత్త ఆయుధం. దీనికి రెక్కలూ చిన్న రాకెట్టూ ఉంటాయి. విమానంలో కూర్చున్న మనిషి ఒక చిన్న పిడిని కదిలిస్తూ రేడియో సంకేతాలతో దాన్ని లక్ష్యం వైపు నడిపిస్తాడు. నేటి క్షిపణులకు దీన్ని తాతగా చెప్పుకోవచ్చు. ఆ ఏడాది ఆగస్టులోనే ఇలాంటి బాంబు బిస్కే అఖాతంలో బ్రిటిష్ నౌక ఈగ్రెట్‌ను ముంచింది. హైంకెల్-177 విమానం నుంచి వచ్చిన ఒక బాంబు రోహ్నా ఎడమ పక్కను చీల్చుకుని ఇంజన్ గది దగ్గర పేలింది. ఆనాటి దాడిలో మునిగిన నౌక అదొక్కటే.

పేలుడులో పోయినవారికంటే నీళ్లలో పోయినవారే ఎక్కువ కావడం ఈ కథలో అన్నిటికన్నా బాధ పెట్టే విషయం. నౌక మీది పడవల్లో చాలావాటిని పేలుడు ధ్వంసం చేసింది. మిగిలినవాటిని దించే తాళ్లు, కప్పీలు తుప్పు పట్టి కదల్లేదని బతికినవారు సాక్ష్యం చెప్పారు. దించగలిగిన కొద్ది పడవలు కూడా జనం కిక్కిరిసి బోల్తా పడ్డాయి. నీళ్లలో తేలడానికి సైనికులకు ఇచ్చిన గాలి బెల్టును చంకల కిందికి లాక్కోవాలని చాలామందికి ఎవరూ నేర్పలేదు. నడుముకే కట్టుకుని దూకినవారిని అదే బెల్టు తలకిందులు చేసింది. చీకటి పడింది, అలలు పెద్దవిగా ఉన్నాయి. సముద్రంలోని మందుపాతరలను ఏరివేసే అమెరికా నౌక (మైన్‌స్వీపర్) పయనీర్ ఒక్కటే ఆ రాత్రి 606 మందిని పైకి లాగింది.

బతికి బయటపడినవారిని ఈ విషయం ఎక్కడా నోరెత్తవద్దని ఆదేశించారు. కుటుంబాలకు మొదట అందింది ‘ఆచూకీ తెలియదు’ అన్న తంతి మాత్రమే. 1944 ఫిబ్రవరిలో ఐరోపా జలాల్లో ఒక రవాణా నౌక మునిగి వెయ్యిమందికి పైగా చనిపోయారని ప్రకటించినా నౌక పేరు చెప్పలేదు. 1945లో బాంబర్ల పనేనని ఒప్పుకున్నా, అది రేడియోతో నడిచిన బాంబని మాత్రం చెప్పలేదు. తమ ఆయుధం ఎంత నష్టం చేసిందో జర్మన్లకు తెలియకూడదన్నది యుద్ధకాలంలో న్యాయమైన కారణమే. జర్మనీ లొంగిపోయాక కూడా మూత తీయకపోవడానికి అది సరిపోదు. 1960లలో పత్రాలు బయటపడినా, 1993లో ఒక రేడియో ప్రసారం తర్వాతే చాలా కుటుంబాలకు సంగతి తెలిసింది. 1996లో అలబామాలోని ఫోర్ట్ మిచెల్ సైనిక శ్మశానంలో స్మారకం వెలిసింది. 2000లో అమెరికా కాంగ్రెసు తీర్మానం చేసింది.

ఇక కళాసీల సంగతి. వారు ముందుగా పడవలెక్కి పోయారని కొందరు సైనికులు ఫిర్యాదు చేశారు. ఆ గందరగోళంలో అలా జరిగి ఉండవచ్చు కూడా. అయితే బాంబు పేలింది భారతీయులు పనిచేసే ఇంజన్ గది దగ్గర. 195 మంది సిబ్బందిలో సగానికి పైగా తిరిగి రాలేదు. ఈ అంకెను ఆ ఫిర్యాదు పక్కన పెట్టి చదవాలి. దేహాలు దొరకని అమెరికన్ల పేర్లు ట్యునీషియాలోని వారి సైనిక శ్మశానంలో రాతి ఫలకాల మీద ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో సముద్రంలో కలిసిపోయిన భారత వాణిజ్య నౌకల సిబ్బంది సుమారు 6,000 మంది పేర్లు మాత్రం ముంబయిలోని నావికుల వసతిగృహంలో ఒక పుస్తకంలోనూ, దాని ప్రతిగా చిట్టగాంగులో మరో పుస్తకంలోనూ రాసి ఉన్నాయి.