మద్రాసు కంటే ముందు చంద్రగిరి

చిన్నోడా, పాపా,

సెలవుల్లో చెన్నై చూపించమన్నారంట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చూపిస్తాను. కానీ రైలెక్కే ముందు రోజు నాతో చంద్రగిరి కోటకి రావాలి.

"కోటకీ చెన్నైకీ ఏం సంబంధం తాతా" అంటారని తెలుసు. 1639లో ఫ్రాన్సిస్ డే అనే ఇంగ్లీషాయన ఇక్కడి బట్టలు కొని ఓడలకెత్తడానికి సముద్రం పక్కన చోటు వెతుక్కుంటున్నాడు. ఆ తీరం దామెర్ల వెంకటాద్రి నాయకుడి చేతిలో ఉండేది. ఆయనకి పైన చంద్రగిరి రాయలు. హంపీ పోయాక, పెనుకొండ దాటాక, విజయనగర రాజులు చేరింది మన కొండ కిందికే. నాయకుడు నేల ఇచ్చాడు, ఇంగ్లీషువాళ్ళు అక్కడ సెయింట్ జార్జి కోట కట్టారు. నాయకుడి తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం అయింది. మా నాయన చివరి దాకా "పట్నం పోతా" అనేవాడు కానీ మద్రాసు అనలేదు.

తమాషా ఏమంటే, అది రేవు లేని రేవు. ఓడలు దూరంగా లంగరేసి నిలబడితే, మనుషుల్నీ మూటల్నీ మసూలా పడవల్లో ఒడ్డుకి తెచ్చేవాళ్ళు. ఆ పడవకి మేకు ఉండదు. పలకల్ని కొబ్బరి తాడుతో, మన గోనెసంచి మూతి కుట్టినట్టే కుడతారు. మేకులు కొట్టిన పడవ బిర్రుగా ఉంటుంది, అల ఎత్తి ఇసుక మీద కొడితే పగిలిపోతుంది. కుట్టిన పడవ కాస్త వంగి, దెబ్బ ఓర్చుకుంటుంది. దొరసానులు కూడా తడిసి ముద్దయ్యే దిగేవాళ్ళు. తర్వాత హార్బరు గోడలు కట్టబోతే 1881 తుపాను వాటిని విరగ్గొట్టింది.

అందుకే నేను మిమ్మల్ని ముందు ఓడలకి దారి చూపే దీపాల దగ్గరికి, అంటే లైట్‌హౌస్‌ల దగ్గరికి తీసుకుపోతా. 1796లో మొదటి దీపం కోట లోపలి భవనం మీద పెట్టారు, ఇప్పుడది మ్యూజియం. 1844లో రాతి స్తంభం లేచింది, హైకోర్టు ఆవరణలో ఉంది. 1894లో హైకోర్టు గుమ్మటం మీదికే ఎక్కించారు. లోపలికి పోనివ్వకపోయినా గుమ్మటం రోడ్డు మీదికి కనిపిస్తుంది. ఆ కోర్టు గోడకే ఒక రాతిపలక ఉంది: 1914 సెప్టెంబరు 22 రాత్రి ఎమ్డెన్ అనే జర్మనీ యుద్ధనౌక గుండ్లు పేల్చిన గుర్తు. హార్బరు దగ్గర నూనె ట్యాంకులు అంటుకున్నాయి, జనం ఊరొదిలి పరిగెత్తారు. అరవంలో గడుసువాణ్ణి ఇప్పటికీ ఎమ్డన్ అంటారు. చిన్నోడా, నీకు సరిపోయే పేరే.

నాలుగో దీపం మెరీనాలో, 1977ది. లిఫ్టు ఉంది, నా మోకాళ్ళకి టెన్షన్ లేదు. సాయంత్రం అక్కడే సుండల్ అనే శనగ గుగ్గిళ్ళు, మిరపకాయ బజ్జీ. ఎగ్మూరు మ్యూజియంలో అమరావతి శిల్పాలు ఉన్నాయి, మీకు ఓపిక మిగిలితే అదీ చూద్దాం. మాల్ మాత్రం నేను రాను, మీ నాన్నతో పోండి.

శుక్రవారం వద్దని మీ అమ్మకి గట్టిగా చెప్పండి. ఒకసారి నేను శుక్రవారం పోయి, మూసిన మ్యూజియం తలుపు చూసి, ఎండలో ఈసురోమంటూ తిరిగొచ్చాను. చంద్రగిరి రాజమహల్ మ్యూజియానికీ శుక్రవారమే సెలవు.

అందుకని బుధవారం చంద్రగిరి కోట, గురువారం పొద్దున్నే చెన్నై రైలు. పులిహోర మీ అవ్వ కడుతుంది. కోడికూతకే లేవాలి పాపా, రైలు మన కోసం ఆగదు.

మీ తాత,
తిరుపతి