పెద్ద డీజీ సెట్ (డీజిల్ జనరేటర్) పెడితే నిశ్చింతా? సరిహద్దులోని ఆర్మీ ఫార్వర్డ్ పోస్టుల కరెంటు మీద అపోహలు - వాస్తవాలు

ఆర్మీ యంత్రాల రిపేరు చూసే ఈఎంఈ విభాగంలో నా సర్వీసంతా జనరేటర్ల మధ్యే గడిచింది. ఇప్పుడు సికింద్రాబాద్‌లో ఈ పని నేర్చుకునే కుర్రాళ్లకి క్లాసులు చెప్తున్నాను. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు: "పెద్ద సెట్ మీద తక్కువ లోడ్ వేస్తే ఇంజన్ హాయిగా ఉంటుంది కదా సార్?"

ఉండదు. అన్ని అపోహల్లోకీ ఎక్కువ డీజిల్ తగలేసేది ఇదే.

డీజిల్ ఇంజన్‌కి వేడి కావాలి. కెపాసిటీలో 30 శాతం కంటే తక్కువ లోడ్ మీద గంటల తరబడి నడిస్తే సిలిండర్లు సరిగ్గా వేడెక్కవు, డీజిల్ పూర్తిగా కాలదు. మిగిలిపోయింది మసితో కలిసి ఎగ్జాస్ట్‌లోకి చేరుతుంది. లద్దాఖ్‌లో ఒక పోస్టులో శ్రీకాకుళం కుర్రాడొకడు పరుగున వచ్చాడు, "ఇంజనాయిల్ లీకవుతోంది సాబ్" అంటూ. సైలెన్సర్ జాయింట్ కింద మంచు మీద నల్లటి జిగట మరక. వేలికి రాసుకుని వాసన చూస్తే డీజిల్ కంపు. ప్యానెల్ మీద చూస్తే 62.5 కేవీఏ సెట్‌కి, అంటే దాదాపు 50 కిలోవాట్లు ఇవ్వగల సెట్‌కి, ఉన్న లోడ్ 6 కిలోవాట్లు! పక్కనే 25 కేవీఏ సెట్ టార్పాలిన్ కింద ఖాళీగా ఉంది. దాని మీదకి మారిస్తే గంటకి లీటరు పైనే మిగులుతుంది.

"ఎత్తులో గాలి పలచన, పవర్ పడిపోతుంది, అందుకే పెద్దది" అంటారు. పడిపోయే మాట నిజమే. అది లెక్కేసుకున్నా 25 కేవీఏ ఆ లోడ్‌కి సరిపోతుంది.

ఆ కుర్రాణ్ణి మాత్రం నేను తిట్టలేదు. డీజిల్ ఎక్కువ కాలిందని వాణ్ణి ఎవరూ అడగరు. సీఓ (కమాండింగ్ ఆఫీసర్) సాబ్ ఫోన్ లైన్లో ఉండగా కరెంటు పోతే మాత్రం అందరూ వాడి మీదే పడతారు. ఆ టెన్షన్‌తోనే పెద్ద సెట్ ఆపడు.

స్మార్ట్ కంట్రోలర్ తీర్చేది ఈ టెన్షన్‌నే. లోడ్ పెరిగితే రెండో సెట్‌ని స్టార్ట్ చేసి, వోల్టేజ్, ఫ్రీక్వెన్సీ, ఫేజ్ కలిశాకే లైన్లోకి తెస్తుంది. తగ్గితే ఆపేస్తుంది. మధ్యలో గ్యాప్‌ని బ్యాటరీ మోస్తుంది. అమెరికా ఆర్మీ వేర్వేరు కంపెనీల సెట్లు, బ్యాటరీలు ఒకదానితో ఒకటి కలిసి పనిచేయాలని టాక్టికల్ మైక్రోగ్రిడ్‌కి (యుద్ధరంగంలో సొంతంగా నడిచే చిన్న కరెంటు వ్యవస్థకి) ప్రత్యేకంగా ఒక స్టాండర్డే పెట్టుకుంది. వాళ్లకది పొదుపు ముచ్చట కాదు. 2007లో అఫ్గానిస్థాన్‌లో సగటున ప్రతి 24 ఇంధన కాన్వాయ్‌లకి ఒకరు చనిపోవడమో గాయపడటమో జరిగిందని వాళ్ల సైన్యం అధ్యయనమే తేల్చింది.

మిగతావి గబగబా. కంట్రోలర్ పాడైతే అంతా చీకటేనా? కాదు, మాన్యువల్ మోడ్ ఉంటుంది, అందుకే రెండు సెట్లని చేత్తో సింక్ చేయడం, అంటే కలిపి నడపడం, ఇంకా నేర్పిస్తున్నాం. చలికి డీజిల్ గడ్డకడుతుందా? మామూలుదైతే కడుతుంది, మైనస్ 33 డిగ్రీల దాకా తట్టుకునే వింటర్ డీజిల్ 2019 నుంచి లద్దాఖ్‌లో ఉంది. సోలార్ వస్తే జనరేటర్లు అక్కర్లేదా? లద్దాఖ్‌లోని చుషూల్‌లో ఎన్టీపీసీ తలపెట్టిన 200 కిలోవాట్ల సోలార్-హైడ్రోజన్ మైక్రోగ్రిడ్ మంచిదే, కానీ అది ఒకచోట స్థిరంగా ఉండేది. ట్రక్కులో తిరిగే యూనిట్ సంగతి వేరు. పైగా మామూలు లిథియం బ్యాటరీని సున్నా డిగ్రీల కింద చార్జ్ చేయకూడదు, ముందు దాన్ని వెచ్చబెట్టాలి.

"కరెంటు చాలనప్పుడు కంట్రోలర్ తన ఇష్టమొచ్చినట్టు ఎంఐ రూమ్ (వైద్యం చేసే గది) కరెంటు కోసేస్తే?" అని భయపడేవాళ్లూ ఉన్నారు. దేన్ని ముందు కోయాలో వరస పెట్టేది మనమే. రేడియోలు, ఎంఐ రూమ్ చిట్టచివర. గీజర్లు అన్నిటికంటే ముందు. స్నానం మధ్యలో ఎవరైనా అరిస్తే అరవనివ్వండి.